బిల్లులో కలిపిన బక్షీస్

విహారానికి ఓడ ఎక్కకముందే సొమ్మంతా కట్టించుకున్నారు. గది, భోజనం, వడ్డన, పక్క సర్దడం అన్నీ ఆ సొమ్ములోనే ఉన్నాయన్నారు. సిబ్బందికి ఇచ్చే బక్షీస్ కూడా ఇందులోనే కలిసి ఉందని కాగితం మీద అచ్చువేసి మరీ ఇచ్చారు. తీరా దిగే రోజున, వారం రోజులు గది ఊడ్చి తుడిచిన కుర్రవాడు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు ప్రయాణికుడు జేబులో చెయ్యి పెట్టాలా, వద్దా? పెడితే ఒకే పనికి రెండుసార్లు చెల్లించినట్లా? పెట్టకపోతే పిసినారితనమా?

అమెరికాలోనూ గల్ఫ్ దేశాల్లోనూ ఉంటున్న మన సోదరులు కొందరు ఈ ప్రశ్న అడుగుతున్నారు. ఇదంతా కలిమి గలవారి గొడవ, మనకెందుకులే అని పాఠకులు పేజీ తిప్పేయకూడదని మా మనవి. మేముండే డోంగ్లికి సముద్రం లేదు. నల్లరేగడి చేలు, సోయా, పత్తి, దగ్గరలో మంజీరా, అంతే. 2022లో మండలం అయ్యేదాకా ఇది మద్నూరు మండలంలో ఒక ఊరు. మహారాష్ట్ర సరిహద్దు పక్కనే గనుక మా వైపు బజారుల్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపిస్తాయి. అయినా ఈ ప్రశ్నకు అటూ ఇటూ నిలబడేవారు ఇక్కడి ఇళ్ళలో ఒకే కప్పు కింద ఉన్నారు. కొడుకు దుబాయిలోనో దోహాలోనో హోటల్ గదులు శుభ్రం చేస్తుంటాడు. అదే ఏడాది తల్లి 'అన్ని ఖర్చులూ కలిపి' అనే ప్యాకేజీలో ఉమ్రాకు వెళ్ళి, మక్కాలో ఎవరో తల్లి కన్నబిడ్డ సర్దిన గదిలో బస చేస్తుంది. కొడుకు టిప్పు కోసం ఎదురుచూస్తుంటాడు. తల్లి టిప్పు ఇవ్వాలా వద్దా అని సతమతమవుతుంటుంది. బాన్సువాడ, బిచ్కుంద, జుక్కల్, మద్నూరు ప్రాంతాల నుంచి గల్ఫ్ దారి పట్టినవారి సంగతి తెలిసిన వారెవరికీ ఈ మాట వింతగా తోచదు.

ముందు ఓడ సంగతి చూద్దాం. విలాస నౌకల్లో రెండు పద్ధతులున్నాయి. సిల్వర్‌సీ, సీబోర్న్, రీజెంట్ వంటి బాగా ఖరీదైన కంపెనీలు బక్షీస్‌ను టికెట్టు ధరలోనే కలిపేస్తాయి. తక్కిన పెద్ద కంపెనీల్లో చాలావరకు తలకు రోజుకింత అని, మామూలుగా 15 నుంచి 25 డాలర్ల దాకా, ప్రయాణికుడి ఖాతాలో తామే రాసేస్తాయి. నలుగురున్న కుటుంబం ఏడు రోజులు ప్రయాణిస్తే, రోజుకు 16 డాలర్ల చొప్పున 448 డాలర్లు అవుతుంది. ఈ రెండో పద్ధతి పాటించే ఓడల్లో చాలాచోట్ల ప్రయాణికుడు కౌంటరు దగ్గరకు వెళ్ళి ఆ మొత్తాన్ని తగ్గించమని గానీ పూర్తిగా తీసేయమని గానీ అడగవచ్చు. ఈ వెసులుబాటు దగ్గరే మనుషుల నీతి బయటపడుతుంది. దాని గురించి కాసేపట్లో చెబుతాం.

గదులు సర్దేవారు, వడ్డించేవారు ఎక్కువగా ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, భారతదేశాల వారు. ఒప్పందం సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు. అన్నాళ్ళూ ఇంటి ముఖం చూడరు. నావికుల కోసం 2006లో కుదిరి, 2013 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక ఒకటుంది. భారతదేశం కూడా 2015లో దాన్ని ఆమోదించింది. దాని ప్రకారం ఓడలో పనిచేసేవారికి రోజుకు కనీసం 10 గంటలు, వారానికి కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. వారంలో ఉన్నవి 168 గంటలు. పాఠకులే లెక్క వేసుకోవచ్చు, వారానికి 91 గంటలు పని చేయించినా ఈ విశ్రాంతి లెక్క తప్పినట్లు కాదు. ఊళ్ళో మన కూలీలెవరూ అన్ని గంటలు పనికి ఒప్పుకోరు.

(జూదశాలలు, మద్యం ఉండే ఓడల మీద విశ్వాసులు విహారానికి వెళ్ళడమే తగునా అన్నది వేరే చర్చ. మద్యం లేకుండా నడిచే సౌదీ వారి 'అరోయా' నౌక 2024 డిసెంబరులో జిద్దా నుంచి బయలుదేరింది గనుక, ఓడ విహారమంటేనే పాపమని తీసిపారేసే వీలు ఇప్పుడు లేదు. 1995 వరకు బొంబాయి నుంచి హాజీల ఓడలు వెళ్ళి ఆగిన రేవు కూడా ఆ జిద్దాయే. ఆ ఓడల్లో సొంతంగా బియ్యం, పప్పు కట్టుకుని వెళ్ళిన పెద్దలకు ఈ బక్షీస్ చర్చ చెబితే నవ్వుకుంటారేమో!)

ఇక అసలు విషయం. బిల్లులో కలిపిన బక్షీస్‌ను షరీఅత్ దృష్టితో ఏమని పిలవాలి? మన ఫుఖహా ఒక సూత్రాన్ని స్థిరపరిచారు. ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో 1869 నుంచి 1876 మధ్య వెలువడిన 'మజల్లా' అనే శాసన సంకలనంలో అది మూడవ నియమంగా ఉంది. దాని భావం ఏమిటంటే, ఒప్పందాల్లో లెక్కలోకి వచ్చేది వాటి వెనుక ఉన్న ఉద్దేశ్యమూ అర్థమే గానీ, పైన పెట్టిన పేరు కాదు. దీన్ని ఇక్కడ అన్వయిస్తే విషయం తేటతెల్లమవుతుంది. ముందుగా చెప్పి, మొత్తం నిర్ణయించి, సేవకు బదులుగా తీసుకునే సొమ్ము ఉజ్రత్ అవుతుంది, అంటే కూలి. దానికి బక్షీస్ అని ముద్దుపేరు పెట్టినంత మాత్రాన అది కానుక కాబోదు. కానుక అంటే ఇవ్వకపోయినా ఎవరూ ప్రశ్నించలేనిది. ధరలో కలిపింది ఇవ్వకుండా ఓడ ఎక్కనే ఎక్కలేం కదా!

దీని నుంచి రెండు ఫలితాలు వస్తాయి. మొదటిది, ఆ సొమ్ము కట్టినవారి మీద ఇంకే బాకీ లేదు. తలుపు దగ్గర ఎవరు నిలబడినా, ఎంత వినయంగా నిలబడినా, మళ్ళీ ఇవ్వడం వాజిబ్ కాదు. ఇవ్వనివారిని పిసినారులని ఎవరూ అనకూడదు. రెండవ ఫలితాన్ని మనం తరచుగా మరచిపోతాం. కట్టినవారు తాము దానం చేశామని కూడా అనుకోకూడదు. వారు కూలి చెల్లించారు, అంతే. 'వాళ్ళకు టిప్పు కూడా ఇచ్చాం' అని ఊరికి వచ్చి చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. కూలి ఇచ్చినందుకు పుణ్యం ఆశించవచ్చు, గొప్ప ఆశించరాదు.

నిజానికి బక్షీస్‌ను ధరలో కలపడం షరీఅత్ మనస్తత్వానికి దగ్గరగా ఉన్న పద్ధతే అని మా అభిప్రాయం. కూలి ఎంతో తేల్చకుండా మనిషిని పనిలో పెట్టుకోరాదని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనం ముస్నద్ అహ్మద్‌లో ఉంది. కూలి తెలియకపోతే అది ఒప్పందానికే లోపమని ఫుఖహా రాశారు. ఇప్పుడు అమెరికా సంగతి చూడండి. అక్కడ టిప్పులు తీసుకునే పనివారికి యజమాని తన చేతి నుంచి ఇవ్వవలసిన కనీస వేతనం కేంద్ర చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె మారలేదు. టిప్పులతో కలిపి 7.25 డాలర్లకు చేరకపోతే మిగిలింది యజమాని పూరించాలని చట్టం చెబుతుంది. కొన్ని రాష్ట్రాలు ఇంతకంటే ఎక్కువ నిర్ణయించుకున్నాయి. ఏమైనా అక్కడ వడ్డించే మనిషి సంపాదనలో పెద్ద భాగం, భోంచేసినవాడి ఆ పూట మనసు ఎలా ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. భార్యతో పోట్లాడి వచ్చినవాడు తక్కువ ఇస్తాడు. స్నేహితుల ముందు కూర్చున్నవాడు ఎక్కువ ఇస్తాడు. పిల్లల అన్నం అలాంటి త్రాసులో తూగడం కంటే, ఎంతో ముందే తేల్చి ధరలో కలపడం ఎన్నో రెట్లు మేలు.

అలాంటి చోట 'మా దేశంలో ఈ ఆచారం లేదు' అని చేతులు దులుపుకుని లేచిపోయే మన సోదరులకు ఒక మాట చెప్పాలి. ఆచారంగా అందరికీ తెలిసినది, నోటితో చెప్పి పెట్టుకున్న షరతు లాంటిదేనని మజల్లా 43వ నియమం సారాంశం. అక్కడి హోటల్లో కూర్చున్నప్పుడు అక్కడి ఆచారం తెలిసే కూర్చున్నాం. జపాన్‌లో ఇస్తే, పొరపాటున మరచిపోయారనుకుని వెంటపడి తిరిగి ఇచ్చేస్తారు. అక్కడ ఇవ్వకపోవడమే మర్యాద. ఏ నేల మీద ఉన్నామో ఆ నేల ఉర్ఫ్, అంటే వాడుక, తెలుసుకోవడం ప్రయాణికుడి బాధ్యతల్లో ఒకటి.

ఇందాక వాయిదా వేసిన మాటకు వద్దాం. రోజూ ఖాతాలో రాసే ఓడల్లో ఆఖరి రాత్రి కౌంటరు ముందు వరుస కడతారు. 'మేము చేతికే ఇచ్చుకుంటాం, ఇది తీసేయండి' అంటారు. నిజంగా చేతికి ఇచ్చేవారూ ఉన్నారు. తీసేయించుకుని, సూట్‌కేసు లాక్కుంటూ తల వంచుకుని దిగిపోయేవారూ ఉన్నారు. సేవలో నిజంగా లోపం ఉంటే, ఒప్పందమే ఆ హక్కు ఇచ్చి ఉంటే, తగ్గించమని అడగడంలో తప్పులేదు. కానీ వారం రోజులు రెండు పూటలా పక్క వేయించుకుని, బల్ల దగ్గర కూర్చుని అడిగినవన్నీ తెప్పించుకుని తిని, చివర్లో నిబంధనలోని సందు చూసుకుని కూలి వెనక్కి తీసుకోవడం ఏ కోవలోకి వస్తుంది? దివ్యఖుర్‌ఆన్‌లో తూనికల్లో మోసగించేవారి గురించి ఒక సూరాయే ఉంది. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు కొలిచేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని అది హెచ్చరిస్తుంది. కొలత అంటే బియ్యం, జొన్నలే కాదు. ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలబడే ముగ్గురిలో, పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడు ఒకడని దైవప్రవక్త (సఅసం) తెలియజేసిన హదీసు బుఖారీలో ఉంది.

'కూలి ఇవ్వవలసింది యజమాని, నేను కాదు' అనే వాదన ఒకటి తరచుగా వినిపిస్తుంది. చదువుకున్నవారే ఎక్కువగా అంటారు. సూత్రంగా ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. అయితే ఈ మాట అన్నవారు తర్వాత ఏమి చేశారన్నది చూడాలి. యజమానితో మాట్లాడారా? ఒక ఉత్తరం ముక్క రాశారా? తాము కట్టిన బక్షీస్ పనివారికి చేరుతోందా అని కనీసం అడిగారా? ఏమీ చేయకుండా ఈ మాట మాత్రం అని జేబు గుండీ పెట్టుకుంటే, వారి సూత్రం వల్ల లాభపడింది వారి జేబు మాత్రమే.

ఈ విషయంలో మాకు అన్నిటికంటే ఎక్కువగా వెలుగునిచ్చేది అబూ తైబా (రజి) వృత్తాంతం. ఆయన మదీనాలో ఒక బానిస. కొమ్ము పెట్టి చెడు రక్తం తీసే హిజామా పని చేసేవారు. ఆయన సంపాదనలో నుంచి రోజూ ఇంత అని యజమానులకు కట్టాలి. మిగిలితేనే ఆయనది. హజ్రత్ అనస్ (రజి) తెలిపిన ప్రకారం, దైవప్రవక్త (సఅసం) ఆయన చేత హిజామా చేయించుకున్నారు. పని అయ్యాక ఒక సా కొలత (మరో ఉల్లేఖనంలో రెండు సాలు) ఆయనకు ఇప్పించారు. అక్కడితో ఊరుకోలేదు. ఆయన యజమానులతో మాట్లాడారు. వారు ఆయన మీద వేసిన పన్ను తగ్గించారు (బుఖారీ, ముస్లిం).

ఈ హదీసును మదరసాలో మేము హిజామా అధ్యాయంలో చదువుకున్నాం, హిజామా కూలి హలాలా కాదా అన్న చర్చ కోసం. కానీ దీన్ని ఓడలో, హోటల్లో పనిచేసే పిల్లల పక్కన పెట్టి చదివితే మరో ద్వారం తెరుచుకుంటుంది. కూలి చేతికి ఇచ్చేస్తే సరిపోయేది కదా! కానీ ఆ ధాన్యం ఆయన దగ్గర నిలవదని, మరొకరి ఇంటికి చేరుతుందని దైవప్రవక్త (సఅసం)కు తెలుసు. అందుకే చేతికిచ్చారు, యజమాని చెవిలోనూ వేశారు. 'టిప్పు కలిసే ఉంది' అన్న కాగితం చూసిన ప్రతి ముస్లిం వేయవలసిన ప్రశ్న ఇదే. కలిసి ఉంది సరే, ఎవరిలో కలిసింది? పనివారి జీతంలోనా, కంపెనీ లాభంలోనా?

ఇది ఊరికే పుట్టిన అనుమానం కాదు. బ్రిటన్‌లో హోటళ్ళ యజమానులు టిప్పుల్లో కోత పెట్టుకుంటున్నారని ఏళ్ళ తరబడి గొడవ జరిగి, చివరకు 2023లో చట్టం చేశారు. 2024 అక్టోబరు 1 నుంచి అక్కడ టిప్పు, సర్వీస్ ఛార్జీ ఏదైనా సరే, పన్నులు పోను మొత్తం పనివారికే పంచాలి. మన దేశంలో దారి వేరుగా సాగింది. బిల్లులో సర్వీస్ ఛార్జీ తమంతట తామే కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళ సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. అదే నెలలో స్టే వచ్చింది. 2025 మార్చి 28న హైకోర్టు ఆ సంఘాల పిటిషన్లు కొట్టివేసి, మార్గదర్శకాలను సమర్థించింది. సర్వీస్ ఛార్జీగానీ టిప్పుగానీ ఇష్టపూర్వకంగా ఇచ్చేదేనని, బలవంతపు వసూలు కారాదని తీర్పు సారాంశం. కాబట్టి హైదరాబాదులో బిల్లు మీద 10 శాతం కనిపిస్తే, అది తీసేయమని అడగడం ఓడలో కూలి ఎగ్గొట్టడం లాంటిది కాదు. ఇక్కడ ముందుగా ఒప్పందమూ లేదు, అనుమతీ లేదు. తీసేయించాక ఆ వడ్డించిన మనిషి చేతిలో ఎంతో కొంత పెడితే మరీ మంచిది. పరస్పర అంగీకారం లేకుండా ఒకరి సొమ్ము ఒకరు తినరాదన్న ఖుర్‌ఆన్ ఆజ్ఞ (అన్నిసా 29) యజమానికీ వర్తిస్తుంది, అతిథికీ వర్తిస్తుంది.

మన భాషలోకి వచ్చిన మూడు మాటలు ఇక్కడ గుర్తొస్తున్నాయి. బక్షీస్ ఫార్సీ మాట. ఇవ్వడం, క్షమించడం రెండూ ఆ మూలంలో ఉన్నాయి. ఇనాం అరబీ. నేమత్, ఇనాం ఒకే ధాతువు పిల్లలు. నిజాం కాలంలో ఇనాం భూములుండేవి. మూడవది మామూలు. ఇదీ అరబీయే, అమల్‌లో ఉన్నది, వాడుక అయినది అని అర్థం. తెలుగులో ఈ మాటకు పట్టిన గతి అందరికీ తెలుసు. ఆఫీసులో మామూళ్ళు అంటే ఏమిటో పసిపిల్లవాడు కూడా చెబుతాడు. మొదట ఎవరో సంతోషించి ఇస్తారు. తర్వాత అది వాడుక అవుతుంది. ఆ పైన హక్కు అవుతుంది. చివరకు, ఇవ్వనివాడి పని ఆగిపోతుంది.

వంట గ్యాస్ సిలిండర్ సంగతే తీసుకోండి. ఏజెన్సీ పరిధిలో ఇంటికి చేర్చే ఖర్చు రశీదు మీద ధరలోనే కలిసి ఉంటుంది. గోదాముకు మనమే వెళ్ళి తెచ్చుకుంటే ఆ మేరకు తగ్గించే పద్ధతి కూడా ఉంది. అయినా పైన ఇంకొంత అడుగుతారు. మెట్లెక్కించి వంటింటి దాకా మోసి, బిగించి, వాసన చూసి వెళ్ళిన మనిషికి మనసారా ఇస్తే అది బక్షీస్. 'ఇవ్వకపోతే ఈసారి ఆలస్యమవుతుందమ్మా' అనిపించుకుని ఇస్తే అది మామూలు. తన హక్కును తాను పొందడానికి గత్యంతరం లేక ఇచ్చినవారి మీద పాపం ఉండదని, తీసుకున్నవాడి మీదే ఉంటుందని మన హనఫీ ఫుఖహా అభిప్రాయం. అలాగని ఇచ్చేవారు అలవాటు చేయడం మంచిది కాదు. ఈ ఇంటివారు ఇచ్చిన యాభై, పక్కింటి వితంతువు మీద యాభై రూపాయల భారమై పడుతుంది.

ఉమ్రా ప్యాకేజీల్లో జరిగేది ఇంతకంటే నాజూకైన విషయం. మక్కా నుంచి మదీనాకు, జియారత్ స్థలాలకు బస్సులో తీసుకెళ్ళి, చివర్లో బృందం పెద్ద లేచి నిలబడి 'డ్రైవర్ సాబ్ కోసం తలా పది రియాల్లు' అంటాడు. సంచి ఒక చివర నుంచి మొదలవుతుంది. అందరూ చూస్తుండగా చేతులు కదులుతాయి. ఏళ్ళ తరబడి బీడీలు చుట్టి కూడబెట్టిన సొమ్ముతో వచ్చిన వృద్ధురాలు ఆ బస్సులో ఉంటుంది. 'అన్నీ కలిపి' అన్న మాట నమ్మి లెక్కపెట్టి తెచ్చుకున్న రియాల్లు ఆమెవి. ఆమె ఇచ్చినది మనసొప్పి ఇచ్చినదా, ముఖం చెల్లక ఇచ్చినదా? ముస్లిం సొమ్ము అతని మనసు సమ్మతించనిదే ఇతరులకు ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించినట్లు ముస్నద్ అహ్మద్‌లో, బైహఖీలో ఉంది. సిగ్గుపెట్టి రాబట్టిన సొమ్ము, గుంజుకున్న సొమ్ము వంటిదేనని ఉలమా ఎందరో హెచ్చరించారు. డ్రైవరుకు ఇవ్వవద్దని మేము అనడం లేదు. ఆ డ్రైవరు కూడా ఎక్కడో పిల్లల్ని వదిలి వచ్చినవాడే. ఆయన వంతు ముందే ధరలో వేసి చెప్పాలి. లేదా దిగేటప్పుడు ఎవరి ఇష్టం వారిదని వదిలేయాలి. హరమ్ షరీఫ్ ప్రయాణంలో ముసలివారిని అలా ఇరకాటంలో పెట్టి బస్సులో సంచి తిప్పడం మాత్రం మాకు సుతరామూ నచ్చని పద్ధతి.

ఇక తీసుకునే వైపు ఉన్న మన పిల్లలతో కొంచెం సూటిగా మాట్లాడాలి. దుబాయిలో, జిద్దాలో, ఓడల మీద పనిచేసే తమ్ముళ్ళారా! రోజుకు పదికి పైగా గదులు సర్దుతూ నడుము పట్టేసిన మీ కష్టం ఇంట్లోవారికి ఫోనులో కనిపించదు. మీకు ఎవరైనా సంతోషించి ఇస్తే, కంపెనీ దానికి అనుమతిస్తే, అది మీకు హలాల్, అందులో సందేహం లేదు. కానీ ఒక హదీసును గుర్తుపెట్టుకోండి. జకాత్ వసూలుకు పంపిన ఇబ్నుల్ లుత్బియ్య అనే వ్యక్తి తిరిగి వచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చినది అని రెండు కుప్పలు చూపించారు. అతను తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుకలు వచ్చేవా అని దైవప్రవక్త (సఅసం) మింబరు మీద నుంచి నిలదీశారు (బుఖారీ, ముస్లిం). అధికారం చేతిలో ఉన్నవాడికి ఇది నేరుగా వర్తిస్తుంది. సర్కారు ఆసుపత్రిలో, రిజిస్ట్రేషను ఆఫీసులో పుచ్చుకునేది బక్షీస్ కాదు, రిష్వత్. గదులు సర్దే మీ చేతిలో అధికారం లేదు నిజమే. అయినా ఆ ప్రశ్న ఒక మేరకు మిమ్మల్నీ తాకుతుంది. టిప్పు ఇచ్చిన గదికి శుభ్రమైన తువ్వాళ్ళు, ఇవ్వని గదికి నిర్లక్ష్యం అయితే, రెండు గదులకూ జీతం పుచ్చుకున్న మీరు ఒక గదికి బాకీ పడ్డట్లే. కొన్నిచోట్ల వచ్చిన టిప్పులన్నీ ఒక పెట్టెలో వేసి, అంట్లు కడిగేవారికీ, బట్టలు ఉతికేవారికీ కూడా పంచే నియమం ఉంటుంది. అతిథులు వారి ముఖం ఎన్నడూ చూడరు. ఆ నియమం ఒప్పుకుని పనిలో చేరి, నోటు ఒకటి మడిచి జేబులో దాచుకుంటే అది కంపెనీకి చేసిన ద్రోహం కాదు, కింద అంతస్తులో అంట్లు తోముతున్న తోటివాడి హక్కు తినడం.

ఇంతవరకు చెప్పింది న్యాయం లెక్క. అల్లాహ్ న్యాయంతో పాటు ఇహ్సాన్‌ను కూడా ఆదేశించాడు (అన్నహ్ల్ 90). బాకీ లేకపోయినా ఇవ్వడం అనేది ఆ రెండో గదిలోని మాట. దైవప్రవక్త (సఅసం) ఒకరి దగ్గర లేత ఒంటెను బదులు తీసుకున్నారు. తీర్చే సమయానికి అంతకంటే పెద్దది, మేలైనది తప్ప దొరకలేదు. దాన్నే ఇచ్చేయమన్నారు (ముస్లిం). ముందుగా షరతు పెట్టి ఉంటే ఆ పెరిగినది వడ్డీ అయ్యేది. షరతు లేదు గనుక ఔదార్యమైంది. బజారులో కూలికి తూకం వేసే ఒక వ్యక్తితో, తూచేటప్పుడు త్రాసు కాస్త మొగ్గేలా తూచమని చెప్పిన సంఘటన అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. వంట చేసి తెచ్చిన సేవకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోలేకపోతే, కనీసం ఒకటి రెండు ముద్దలైనా అతని చేతిలో పెట్టమన్నారు (బుఖారీ). ఎందుకు? పొయ్యి వేడి, పొగ భరించింది అతను గనుక. ఆ సేవకుడికి కూలి వేరే ఉంది, తిండి వేరే ఉంది. అయినా ఆ ముద్ద పెట్టమన్నారు. బిల్లులో అన్నీ కలిసి ఉన్నాక కూడా తలుపు దగ్గరి కుర్రవాడికి ఇచ్చే నోటు ఆ ముద్ద లాంటిది. ఇచ్చేవారి స్తోమతును బట్టి ఇవ్వాలి, చాటుగా ఇవ్వాలి. ఇచ్చి ఎత్తిపొడిస్తే, దెప్పిపొడిస్తే దానం వృథా అవుతుందని అల్ బఖరా సూరా 264వ ఆయతు హెచ్చరించింది. అతను ముస్లిం కాకపోతే ఇవ్వవచ్చునా అని కూడా కొందరు అడుగుతారు. మనతో యుద్ధం చేయని వారిపట్ల మేలుగా, న్యాయంగా మెలగడాన్ని అల్లాహ్ వారించలేదని అల్ ముమ్తహినా సూరా 8వ ఆయతు స్పష్టంగానే చెబుతోంది. చెమటకు మతం అడగనక్కర్లేదు.

ఇచ్చుకోలేని వారు ఒక మంచిమాట చెప్పినా, పేరుతో పిలిచి దుఆ చేసినా అది సదఖాయే. అయితే జేబు నిండా డాలర్లు పెట్టుకుని 'జజాకల్లాహ్' ఒక్కటే ఇచ్చి వెళ్ళేవారు కూడా ఈ వెసులుబాటు వాడుకుంటున్నారు. అది పేదవారి కోసం ఉన్న వెసులుబాటు.

చివరగా మా ఊళ్ళ పెళ్ళిళ్ళ సంగతి. వలీమాకు బవర్చీతో ఒప్పందం కుదుర్చుకుంటాం. ఇన్ని దేగ్‌ల బిర్యానీకి ఇంత, అందులోనే ఆయన మనుషుల కూలి కూడా. రాత్రి పన్నెండు గంటలకు అందరూ తిని వెళ్ళాక, దేగ్‌లు బోర్లించి బూడిదతో తోమే కుర్రవాడు వచ్చి ఇనాం అడుగుతాడు. ఇంటి యజమాని 'అంతా మీ బవర్చీకి ఇచ్చేశాం' అంటాడు. ఆ మాట అబద్ధం కాదు. దాన్ని ఆ కుర్రవాడితో కాకుండా, ఒప్పందం రోజున బవర్చీతోనే అని ఉండవలసింది. వంటకు కుదుర్చుకునేటప్పుడే, 'అంట్లు తోమే పిల్లలకు ఎంత ఇస్తావు' అని అందరి ముందూ అడిగి, ఆ అంకె కూడా కాగితం మీద రాయించుకుంటే, ఆ రాత్రి ఆ పిల్లవాడు కూలి కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేదు. ఉమ్రా ఏజెంటుకు డబ్బు కట్టేవారు కూడా డ్రైవరు, గదుల మనుషులు ఆ ధరలో ఉన్నారా లేరా, ఉంటే ఎంత అన్నది కట్టే రోజునే రాయించుకోవాలి. రాయడానికి ఇష్టపడని ఏజెంటు ఎదురైతే, మరొకరి దగ్గరకు వెళ్ళడమే మంచిది. వల్లాహు ఆలమ్.